కండ్లు వేరు, కల్లు వేరు

(మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మనమందరం ఫోన్ల ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొడుతున్నం. కే, ఏ, డబుల్ ఎల్, యూ. ఇది తాగే కల్లా, చూసే కళ్లా? ఆ అక్షరాలు చెప్పలేవు. మన నోరు చెప్తది.

అర్థాన్ని మార్చే ధ్వనిని భాష తేలిగ్గా వదులుకోదు. పడు వేరు, పాడు వేరు. గద వేరు, గద్ద వేరు. దీర్ఘం, ద్విత్వం తెలుగుకు వెన్నెముక. బడి మొఖం చూడని తల్లి కూడా వీటిని తప్పు పలకదు. కానీ ఆమె ‘భాష’ను ‘బాష’ అంటే నవ్వుతరు. మహాప్రాణం సంస్కృతం మాటలతో వచ్చింది. అచ్చతెలుగు మాటలు ఆ తేడా మీద నిలబడలేదు.

అన్ని ధ్వనులూ నిలవవు. బండి ఱ పోయి ర లో కలిసింది. ‘ండ్ల’ అరిగి ‘ళ్ల’ అయింది. ఇండ్లు ఇళ్లయినయి, కండ్లు కళ్లయినయి. అంటే మోటు అని వెక్కిరించిన మన ‘కండ్లు’ ముందటి రూపం! కల్లుకు, కళ్లకు నడుమ ల, ళ తేడానే. కల్లుకు, కండ్లకు నడుమ ఆ తేడా ఇంకా గట్టిది. మరి యాస భాషను చెడగొట్టిందా, కాపాడిందా?

1998లో ఇక్కడ సైబర్ టవర్స్ లేచింది. పక్కనే గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం. ద్రావిడ భాషల ధ్వనుల మార్పులను జీవితమంతా శోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1986 నుంచి 1993 దాకా దానికి వైస్ చాన్స్‌లర్. ఇప్పుడు మనిషి మాట వినే మిషన్లు తయారయితున్నయి. వాటికి తెలుగు నేర్పే చేతులు మీయే. ఒక్క యాసనే నేర్పుతరా, అన్నీ నేర్పుతరా?

రేపు దవాఖానల మన అవ్వ “కండ్లు కనబడుతలేవు” అంటే ఆ మిషన్‌కు తెలవాలె!