రోసా చెప్పిన కథ

గొప్పవారి జీవితచరిత్రలు వ్రాయుటకు ఎందరో కలరు. ఒకరి ఇంటి నేలలు కడిగి తన బిడ్డలను పెంచుకొన్న తల్లి చరిత్రను వ్రాయువారు అరుదు. అట్టి తల్లి ఒకతెను గూర్చి ఈ పూట శ్రోతలతో ముచ్చటించెదను. ఆమె పేరు రోసా కసెట్టారి.

1866 ప్రాంతమున ఇటలీ దేశమున పుట్టిన రోసా, పసికందుగానే మిలాను నగరపు అనాథశిశువుల ఆస్పత్రి పాలయ్యెను. అట్టి శిశువులను పల్లెటూరి స్త్రీలు ఆస్పత్రివారిచ్చు పైకము పుచ్చుకొని తీసికొనిపోయి పెంచుచుండిరి. ఆ విధముగా ఆమె కుజ్జోనో అను ఊరు చేరెను. అది పట్టుదారము తీయు సీమ. పలక పట్టవలసిన వయస్సున ఆడపిల్లలు ఆ పనిలో ప్రవేశించెడివారు, రోసాయు అంతే. చలికాలపు రాత్రులలో, కట్టెలు కొనలేని ఊరివారు పశువుల కొట్టములో చేరెడివారు. పశువుల ఊపిరివేడియే వారికి కుంపటి. అక్కడ పెద్దలు కథలు చెప్పుచుండగా ఈ పిల్ల చెవులప్పగించి వినెడిది. కడదాక ఆమెకు తోడువచ్చిన ఆస్తి అదియే.

పెంపుడుతల్లి చిన్నతనముననే పెండ్లి చేసెను. పెనిమిటి వయస్సున చాల పెద్ద, మిక్కిలి క్రూరుడు. అతడు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు ఇనుపగనులకు పోయి, భార్యను రమ్మని కబురంపెను. 1884లో ఆమె ఓడ యెక్కెను. చిన్నబిడ్డను మాత్రము పెంపుడుతల్లియొద్దనే విడువవలసివచ్చెను. తన్ను కన్నతల్లి విడిచినది. ఇప్పుడు తాను తన బిడ్డను విడిచినది. ఓడలో ఆమె మనస్సు ఎట్లుండెనో తల్లులైనవారే చెప్పవలెను.

మిస్సోరీలో గనిపనివాండ్రకు వంట చేయుచు దినములు గడిపెను. కొంతకాలమునకు బిడ్డకొరకు స్వగ్రామమునకు మరలివెళ్లెను. ఒకప్పుడు పెద్దమనుష్యుల యెదుట తలవంచి నిలిచిన పిల్ల, ఇప్పుడు వారి ముఖము చూచి మాటాడెను. భయపడకుండుటయే అమెరికా తనకు నేర్పినదని ముసలితనమున ఆమె చెప్పుకొనెను. ఈ మాటను నేను మొదట కొంత సంశయముతోనే చదివితిని. ఆ దేశమున ఆమెకు దక్కినది ఆకలి, చాకిరియే కదా! కాని నేలచూపులతో పెరిగినవారికే ఆ మాట విలువ తెలియునేమో.

ఆ భయము పోయినందుననే కాబోలు, భర్త నీచమైన వ్యాపారమునకు దిగినప్పుడు బిడ్డలతో అతనిని విడిచి చికాగో నగరము చేరెను. మరల వివాహమాడెను. పేదరికము మాత్రము విడువలేదు. వలస వచ్చినవారి సేవకై 1894లో వెలసిన చికాగో కామన్స్ అను సంస్థలో నేలలు కడుగు పని దొరకెను. కొట్టములో విన్న కథలను అక్కడ పాత్రలన్నిటిని అభినయించుచు చెప్పెడిది. 1918లో అక్కడికి వచ్చిన మేరీ హాల్ ఎట్స్ అను సంఘసేవిక ఆ కథలకు ముగ్ధురాలై, పిదప రోసా జీవితమునే ఆమె నోట విని వ్రాసికొనెను. (ఈ ఎట్స్ గారే పిమ్మట బాలల పుస్తకములకు ప్రసిద్ధురాలై 1960లో కాల్డెకాట్ పతకము పొందిరి.) రోసా 1943లో కన్నుమూసెను. ఆ వ్రాతప్రతి 1970లో గాని అచ్చుకాలేదు.

కంఠస్వరముతో జీవించు మావంటివారికి ఆ పుస్తకము చదువునపుడు ఒక్క వెలితి తోచును: ఆ మాటలు ఆమె నోటనే వినవలెనని. చావక ముందు మరి యొక్కసారి ఇటలీ వెళ్లి, ఎవరికిని వెరవక మాటాడి రావలెనని ఆమె కోరిక. అది ఆ పుస్తకపు చివరి పుటలలో నున్నది.