విమానం మీద హైదరాబాద్ పేరు



బాంబర్ల గురించి చెప్పడానికి మా కట్టంగూరే దొరికిందా అని ఇందాక ఒక పెద్దాయన నవ్విండు. దొరికింది మరి. 1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు బాంబర్లు కొనిచ్చింది మన నిజామే, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఒక్కో విమానం మీద ఆయన బహుమానమని రాసి, హైదరాబాద్ అని పేరు పెట్టి, నంబరు వేశారు. స్క్వాడ్రన్‌కే హైదరాబాద్ పేరు స్థిరపడింది. నిజాం ఖజానా నిండింది వేటితో? నల్లగొండ రైతు పట్వారీ ముందు లెక్కబెట్టిన హాలీ సిక్కాలు కూడా అందులో ఉన్నాయి.

ఆ బాంబర్లలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబర్ 5న జర్మనీ మీదికి పోయి తిరిగి రాలేదు. ఇద్దరు సిబ్బందీ ఖైదయ్యారు. విమానం మాత్రం బెర్లిన్, పోలండ్ తిరిగి, ఇప్పుడు లండన్‌లో హెండన్ మ్యూజియంలో నిలబడి ఉంది.

ఇక ఈ స్క్వాడ్రన్‌లో ఒకరికి వచ్చిన పతకం సంగతి. 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మర్నాడే ఇదే స్క్వాడ్రన్ నుంచి ఐదు బ్లెన్‌హైమ్ బాంబర్లు, కెన్నెత్ డోరన్ ముందు నడువగా, విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గరున్న జర్మన్ యుద్ధనౌకల మీదికి పోయాయి. ఒక్కో దాంట్లో ముగ్గురు: నడిపేవాడు, దారి చూసి బాంబు వేసేవాడు, రేడియోతో పాటు తుపాకీ చూసుకునేవాడు. మబ్బు కిందికి దిగేసరికి అడ్మిరల్ షేర్ ఓడ వెనక భాగంలో నావికుల బట్టలు ఆరేసి ఉన్నాయి! అంత దగ్గరికి పోయారు. తమ బాంబు తమకే తగలకుండా, పడ్డాక కొన్ని సెకన్లకు పేలే ఏర్పాటు చేసుకున్నారు. తీరా చూస్తే ఓడకు తగిలిన బాంబులు పేలనే లేదు. ఐదింటిలో ఒకటి తిరిగి రాలేదు. అదే పనికి పోయిన 107వ స్క్వాడ్రన్ అయితే ఐదింటిలో నాలుగు పోగొట్టుకుంది.

డోరన్‌కు డిఎఫ్‌సి (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం వచ్చింది. ఆ యుద్ధంలో మొట్టమొదట ఇచ్చినవాటిలో అదొకటి. ఓడ మునగలేదు కదా, పతకమెందుకని అడగొచ్చు. పతకం తెగువకు. అది న్యాయమే అంటాను.

నాకు గుచ్చుకునేది వేరే. డిఎఫ్‌సి అప్పట్లో ఆఫీసర్లకు, వారెంట్ ఆఫీసర్లకే. కింది ర్యాంకుల వాళ్లకు డిఎఫ్‌ఎం అని వేరే పతకం ఉండేది. ఒకే విమానంలో, ఒకే తూటాకు ఎదురుపోయినా అంతే. 1993 దాకా ఈ తేడా సాగింది. తుపాకీ దగ్గర కూర్చునేది చాలాసార్లు ఆ కింది ర్యాంకువాడే, అదీ వెనక్కి తిరిగి. ఓడ మీద ఆరేసిన ఆ బట్టలు అందరికన్నా ఎక్కువసేపు కనబడింది అతనికే అయ్యుంటుంది.