పలుకుబడియు పరిహాసమును



భాషాశాస్త్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఈ పఠనమందిర నిర్వాహకులు నన్ను కోరిరి. ఆ పేరు వినగానే అది పండితులకే పరిమితమైన విషయమని కొందరు జంకుదురు. అట్టి జంకు అక్కరలేదు. మనలో ప్రతివారును అయిదవయేడు నిండునప్పటికే తమ భాష యొక్క వ్యాకరణమును చాలవరకు నేర్చినవారే. నేర్చితిమని యెరుగరు, అంతియే. ఎరుగకయే నేర్చిన ఆ విద్యలోని క్రమమును వెలికి దీయుటయే ఈ శాస్త్రము చేయు పని.

మొదట వాక్యమును చూతము. 'పులి మేకను చంపినది' అందుము. దీనినే 'మేకను పులి చంపినది' అని త్రిప్పి చెప్పినను చచ్చినది మేకయే. 'ను' అను చిన్న ప్రత్యయము మేకను అంటిపెట్టుకొని, అది యెచ్చట నిలిచినను దాని గతి యేమో తెలుపుచున్నది. ఇంగ్లీషున అట్లు కాదు. అందు పదముల వరుసయే విభక్తి పని చేయును. పులిని మేకను తారుమారు చేసినచో మేకయే పులిని చంపినదగును. 'ఆయన ఉపాధ్యాయుడు' అన్నచో మనకు వాక్యము పూర్తియైనది. క్రియ లేదు, లేదను కొరతయు లేదు. ఇంగ్లీషున క్రియ లేనిదే ఆ వాక్యము నిలువదు. 'నాకు ఆకలి వేయుచున్నది' అన్నప్పుడు కర్తృస్థానమున నున్నది ఆకలి. అనుభవించు నేను 'కు' ప్రత్యయముతో ప్రక్కన నిలిచితిని. ఇవి ఒక భాషకు లోపములును గావు, వేరొకదానికి గొప్పలును గావు. ఎవరి యింటి కట్టడి వారిది.

మన యింటి కట్టడి ఏ వంశమునకు చెందినది? తెలుగు సంస్కృతము నుండి పుట్టినదని చిరకాలము పలువురు నమ్మిరి. 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికలో, తెలుగు తమిళ కన్నడములు ఒక ప్రత్యేక కుటుంబమునకు చెందినవని నిరూపించెను. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించి ఆ వాదమును విస్తరించెను. సంస్కృత పదములు మన భాషలో వేలకొలది గలవు. కాని నగలు అరువు తెచ్చుకొన్నంత మాత్రమున ఎముకలు మారవు. 'మేము పోవుచున్నాము' అన్నచో వినువాడు ఇంటనే యుండును. 'మనము పోవుచున్నాము' అన్నచో అతడును వెంట వచ్చును. సంస్కృతమున ఈ భేదము లేదు. మరాఠీ గుజరాతీలలో కలదు. ద్రావిడ భాషల సాంగత్యమే దీనికి కారణమని పలువురు పండితుల అభిప్రాయము.

భాషయందు సంస్కృతి ప్రతిఫలించునని అందురు. కొంతవరకు నిజమే. అన్న, తమ్ముడు అని వయస్సును బట్టి మనము వేరుచేసి పిలుతుము. ఇంగ్లీషువారికి ఇరువురకును ఒకటే మాట. తల్లి సోదరుడును మామయే, పిల్లనిచ్చినవాడును మామయే. మేనరికపు ఆచారము గల సమాజమున ఆ యిరువురును ఒక్కరే యగుట కలదు గదా! అయితే ఈ సూత్రమును మితిమీరి సాగదీయరాదు. 'ఆమె వచ్చినది', 'దూడ వచ్చినది' అని ఏకవచనమున స్త్రీకిని పశువునకును ఒకే క్రియారూపము. బహువచనమున 'స్త్రీలు వచ్చిరి', 'దూడలు వచ్చినవి' అని స్త్రీలు పురుషుల పంక్తిలో చేరుదురు. వ్యాకరణమే గౌరవమునకు కొలత యైనచో, ఒక్క స్త్రీ తక్కువది, ఇద్దరైనచో పూజ్యులు అనవలసి వచ్చును! తమిళమున ఏకవచనమునను స్త్రీకి ప్రత్యేక రూపము కలదు. అంతమాత్రమున అచ్చటి సంసారములు మనకన్న భిన్నమని యెవరందురు? పదజాలము లోకవ్యవహారమును త్వరగా పట్టుకొనును. వ్యాకరణము తన పాతదారిని తాను పోవును.

ఇక నా హృదయమునకు దగ్గరి విషయము. కొన్ని యేండ్ల క్రిందట ఒక పాఠశాలలో, క్రొత్తగా చేరిన బాలుడొకడు 'మా నాయిన వచ్చిండు' అనెను. తరగతి గొల్లుమన్నది. ఉపాధ్యాయుడును నవ్వెను. ఆ యేడాది ముగియువరకు ఆ బాలుడు తరగతిలో మరల నోరు తెరవలేదని తరువాత వింటిని.

ఆ నవ్వునకు శాస్త్రమునందు ఆధారమేమైన కలదా? 'వచ్చినాడు' అనునది మూలరూపము. రాయలసీమలో అది నేటికిని వినబడుచున్నది. తెలంగాణమున నడిమి అచ్చు జారి 'వచ్చిండు' అయినది. కోస్తాలో నకారము జారి 'వచ్చాడు' అయినది. రెండును ఒకే తల్లి బిడ్డలు, రెండును నియమబద్ధములు. 'తిన్నాడు' చెడి 'తిన్నడు' అయినదనువారు 'వచ్చినాడు' చెడి 'వచ్చాడు' అయినదని యేల అనరు?

ఒకటి శిష్టమై, వేరొకటి హాస్యాస్పదమగుటకు హేతువు ధ్వనిలో లేదు, చరిత్రలో నున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట, తరువాత బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టాలకు సిరి వచ్చెను. సిరి వెంట పాఠశాలలు, ముద్రణాలయములు, పత్రికలు వచ్చెను. నైజాము రాజ్యమున 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు సైతము బోధనాభాష ఉర్దూ. అచ్చునకు ముందెక్కిన పలుకు అందరికిని ప్రమాణమయ్యెను. పిమ్మట సినిమా ఇతర మాండలికములను పెక్కేండ్లు హాస్యగానికిని ప్రతినాయకునికిని అప్పగించెను. పలుకుబడి యను మాటకు మన భాషలో రెండర్థములుండుట ఊరక కాదు!

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వాడుక భాషకై పోరాడిరి. మన కుటుంబమునకే చెందని సవర భాషను కొండవాసుల వద్ద నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు జిల్లాల వెంబడి రైతుల మాటలను సేకరింపజేసి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశమును వెలువరించిరి. పండితుడు పామరుని యెదుట శిష్యుడై కూర్చుండుట యన నదియే. నేడు గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినముగను, కాళోజీగారి జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినముగను జరుపుకొనుచున్నాము. మంచిదే. కాని దినములు రెండు. పాఠశాల తెరచు దినములు రెండువందలకు పైబడి యున్నవి.

బాలునికి వ్రాతభాషను నేర్పవలదని నేననుట లేదు. నేనే ఇప్పుడు గ్రాంథికమున మాటలాడుచుంటిని. సభకు ఉత్తరీయము వేసుకొని వత్తుము. ఇంటి పంచెను తగులబెట్టి రాము. క్రొత్తమాట నేర్పుటకు తల్లిమాటను సిగ్గుపరుపనక్కరలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు మించిరి. హోసూరులో నొకతీరు, బళ్లారిలో నొకతీరు, శ్రీకాకుళమున నొకతీరు, పాలమూరున నొకతీరు. వీరందరిని గూర్చి చెప్పునప్పుడు 'మేము' అందుమా, 'మనము' అందుమా? ఆ రెండు మాటల భేదమును మన పూర్వులు మనకు ఊరక ఇచ్చిపోలేదని నమ్మి, 'మనము' అను మాటతోనే సెలవు గైకొనుచున్నాను.