రాయి నుంచి కుండ దాకా: అనంతపురం నీళ్లలో ఫ్లోరైడ్ జాడ

మనం ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడామో ఆ మాస్టారు, బడిపిల్లల పళ్లు చూసి వాళ్లు ఏ బోరు నీళ్లు తాగుతున్నారో చెప్పేవారు. గారపళ్ల పిల్లలను పళ్లు తోముకోరని తిట్టే రోజుల్లో, తప్పు వాళ్లది కాదు, నీళ్లదని తల్లిదండ్రులతో వాదించారు. ఆ నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈరోజు నా ప్రసంగ విషయం.

మన ప్రాంతాల్లో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బును ముందుగా కనిపెట్టింది రైతులే. నెల్లూరు జిల్లా మెట్టలో ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం వాళ్లు గమనించారు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వైద్యుడు షార్ట్, ఆయన సహచరులు అదే జిల్లాలో మనుషుల ఎముకలకూ ఈ వ్యాధి పట్టిందని, కారణం తాగునీటిలోని ఫ్లోరైడేనని ప్రకటించారు. పళ్ల గారకూ ఫ్లోరైడ్‌కూ ఉన్న సంబంధాన్ని అమెరికాలో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త పట్టుకున్నది 1931లో. ఆ ఎరుక ఆరేళ్లలో నెల్లూరు చేరింది. అనంతపురం పల్లెల్లో కుళాయి నీళ్లుగా మారడానికి మాత్రం మరో అరవై ఏళ్లు పట్టింది.

నీళ్లలో ఫ్లోరైడ్‌కు ఎరువులే కారణమని కొందరంటారు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు; సూపర్ ఫాస్ఫేట్ తయారుచేసే రాతిలో ఫ్లోరైడ్ ఉంటుంది. అయితే నెల్లూరు ఎద్దులు కూలబడిన నాటికి మెట్టచేలకు ఆ బస్తాలు ఇంకా చేరలేదు. ఎరువు కొంత కలిపి ఉండవచ్చు గానీ అసలు మూలం అది కాదు.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు, నైసు రాయి. బోరు వేసే రిగ్గు ఎగజిమ్మిన పొడిని గుప్పిట్లోకి తీసుకుని ఎండలో చూడండి. నల్లటి రేకులు తళుక్కుమంటాయి, కాకిబంగారంలాగా. ఆ నల్ల అభ్రకంలో, ఎపటైట్, అక్కడక్కడా ఫ్లోరైట్ అనే ఖనిజాల్లో ఉంది ఫ్లోరైడ్. రాతిలో ఉన్నంత మాత్రాన అది నీళ్లలోకి రాదు. కాల్షియం బాగా ఉన్న నీరు దాన్ని ఎక్కువగా కరగనివ్వదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన నేలలో, నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది, ఎండకు చిక్కబడుతుంది, కాల్షియాన్ని సున్నపు కంకరగా వదిలేస్తుంది. దున్నేటప్పుడు మన చేలల్లో బయటపడే తెల్ల గడ్డలు అవే. కాల్షియం పోయి సోడియం మిగిలిన నీటిలో ఫ్లోరైడ్‌కు ఇక అడ్డు లేదు.

బొగ్గుగనుల దగ్గర నీళ్లలోని సల్ఫేట్ మూలాన్ని వెతికే కథ ఇలాంటిదే. బొగ్గుతో ఉండే పైరైట్‌కు గాలీ నీరూ తగిలితే ఆమ్లం, సల్ఫేట్ పుడతాయి. జిప్సం నుంచీ ఎరువుల నుంచీ కూడా సల్ఫేట్ వస్తుంది కాబట్టి, సల్ఫేట్‌లోని గంధకంలో బరువైన పరమాణువులు, తేలికైనవి ఏ పాళ్లలో ఉన్నాయో కొలిచి మూలాన్ని వేరుచేస్తారు. ఫ్లోరిన్ విషయంలో ఆ సౌకర్యం లేదు. ప్రకృతిలో దాని పరమాణువులన్నీ ఒకే బరువు. కనుక మనం పక్కనున్న సాక్షులను విచారించాలి: కాల్షియం, సోడియం, రాయి, బోరు లోతు.

ఆ సాక్షుల్లో లోతు చెప్పేదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. విజయనగర కాలం నాటి బుక్కరాయసముద్రం లాంటి చెరువులు వాననీటిని చుట్టుపక్కల బావుల్లోకి ఇంకించేవి. అది రాతితో ఎక్కువకాలం గడపని కొత్తనీరు. చెరువులు పూడి, బావులు ఎండి, రిగ్గులు వచ్చాక, చాలాచోట్ల రాతిలో మగ్గిన పాతనీటిని తోడుకోవడం మొదలుపెట్టాం. వందల అడుగులు చాలక వెయ్యికి దిగాం. ఎండిపోతున్న చీనీతోట కోసం అప్పుచేసి పాయింటు పెట్టించిన రైతును నేను నిందించను. ఫ్లోరైడ్ మన కుండల్లోకి వచ్చిన దారి మాత్రం అదే.

ఇక దాన్ని వదిలించుకునే దారులు చూద్దాం. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డిగా దించుతారు. పటిక వల్ల ఆ నీటిలో సల్ఫేట్ పెరుగుతుంది, మడ్డిని ఎప్పటికప్పుడు ఎత్తిపోయాలి. పల్లెలో ఈ పని రోజూ సాగడం కష్టం. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వేరే దారి పట్టింది. నదుల ఇసుకలోని బావుల నుంచి, జలాశయాల నుంచి ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లు తెచ్చింది. మన జిల్లాకు జరిగిన గొప్ప మేళ్లలో అదొకటి.

అయినా పైపు పగిలిన రోజున ఊరు మళ్లీ పాత బోరు దగ్గరికే పోతుంది. అందుకే ఇక్కడున్న సర్పంచులను ఒకటి కోరుతున్నాను. మీ ఊళ్లోని ప్రతి బోరు లోతు, పడిన రాయి, కాల్షియం, ఫ్లోరైడ్ పంచాయతీ గోడ మీద రాయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటిన బోరుకు ఎర్రరంగు వేయించి, తాగడానికీ వంటకూ వాడొద్దని ఇంటింటికీ చెప్పించండి.