సూర్జాగఢ్ ఇనుము బియ్యంలోకి ఎందుకు రాదు?

మన ఏటపల్లి పక్కనే సూర్జాగఢ్ గుట్టలు. లారీలకు లారీలు ఇనుప రాయి ఇక్కడినుంచే పోతోంది. మరి ఈ నేలమీద పండిన బియ్యంలో ఇనుము ఎందుకు అంతంతమాత్రం?

నీళ్లు నిలిచిన మడిలో ఒక వరి దుబ్బు పీకి, వేళ్లు కడిగి చూడండి. వాటిమీద ఎర్రటి పూత కనిపిస్తుంది. అది తుప్పే. నీటిలో మునిగిన మట్టిలో ఇనుము కరుగుతుంది. వరి తన కాడల్లోని సందుల గుండా వేళ్లకు గాలి పంపి, ఆ ఇనుమును బయటే గడ్డకట్టిస్తుంది. లేకుంటే ఆకులు మాడిపోతాయి. అంటే కొరత మట్టిలో లేదు. ఎంత రానివ్వాలో, ఎంత గింజదాకా పంపాలో జన్యువులు చూసుకుంటాయి.

మొక్కలో ఇనుమునూ జింకునూ మోసేది నికోషియానమిన్ అనే పదార్థం. దాన్ని తయారుచేసే జన్యువులు వరిలో మూడున్నాయి. వాటిని ఎక్కువ పనిచేయించిన ప్రయోగాల్లో ఆ రెండూ గింజలో పెరిగాయి. కానీ ఇనుము ఎక్కువగా పైపొరలోనే ఆగి, మిల్లులో తవుడుతో పాటు పోతుంది. మన బలం గొడ్ల కుడితి పాలన్నమాట! జింకు కాస్త లోతుకు దిగుతుంది కాబట్టి శాస్త్రవేత్తలు ముందు దాని వెంటపడ్డారు.

మంచి రకాన్ని ఏరడం మనకు కొత్త కాదు. చంద్రపూర్ జిల్లా దాదాజీ ఖోబ్రగడే గారు పొలంలో తేడాగా కనబడ్డ కంకులను ఏరి, ఏళ్ల తరబడి పండించి హెచ్ఎంటీ సన్న వడ్లు తెచ్చారు. సన్నదనం కంటికి ఆనుతుంది, జింకు ఆనదు. ఇప్పుడు ఎక్స్-రే యంత్రం దాన్ని లెక్కగడుతోంది. హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ 2016లో తెచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45 పాలిష్ బియ్యంలో కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు ఉంది. మామూలు రకాల్లో 12 నుంచి 16. మహారాష్ట్రకు 2018లో ఇచ్చిన డీఆర్ఆర్ ధాన్ 49లో 25.2.

విత్తనం మారిస్తే సరిపోదు. జింకు విషయంలో చాలా జన్యువులు తలా ఒక చెయ్యి వేస్తాయి. పైగా నీళ్లు నిలిస్తే ఇనుము వదులైనట్టు జింకు వదులవదు, ఇంకా బిగుసుకుంటుంది. అందుకే ఒకే విత్తనం రెండు మడుల్లో రెండు లెక్కలు చూపిస్తుంది. మట్టి పరీక్షలో లోపం తేలితే దుక్కిలో జింకు సల్ఫేటు వేయాల్సిందే.

ఇక అడ్తిదారు తేమ చూస్తాడు, నూక చూస్తాడు, జింకుకు పైసా కట్టడు. అందుకని అమ్మకానికి హెచ్ఎంటీయే వేసుకోండి, ఇంటి తిండికి మాత్రం ఒక మడి డీఆర్ఆర్ ధాన్ 49కి వదలండి.