గుత్తి నీలి సాలెపురుగుకు గాజు ఇల్లు

(విశ్రాంత రైల్వే ఉద్యోగుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు డి.ఎ. గురించి, మెడికల్ కార్డుల గురించి, ప్రతి నవంబరులో మనం బతికే ఉన్నామని ఇవ్వవలసిన సర్టిఫికెట్టు గురించి విపులంగా చెప్పారు. నేను సాలెపురుగు గురించి మాట్లాడతానన్నప్పుడు కార్యదర్శిగారు ఒక్క క్షణం నా ముఖం చూసి, భోజనాలకు ముందు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆకలితో ఉన్నవాళ్ళు ప్రశ్నలు వేయరని ఆయన ఉద్దేశం కావచ్చు.

ఇది మన డివిజను వాళ్ళు వినదగిన విషయమే. 1899లో లండను మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త ఒక కొత్త సాలెపురుగును ప్రపంచానికి పరిచయం చేశాడు. దాని శాస్త్రీయ నామం పెసిలోథీరియా మెటాలికా. ఒళ్ళంతా నెమలి కంఠం రంగు, కాళ్ళ మీద పసుపు మచ్చలు. దొరికిన స్థలం మన గుత్తి! గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. అందుకే ఈనాటికీ ఇంగ్లండులోనైనా అమెరికాలోనైనా దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తారు. మన ఊరి పేరు పలకడానికి వాళ్ళు పడే అవస్థ వినవలసిందే.

అయితే అది గుత్తి జీవి కాదు. కలప దుంగలతో పాటు రైలెక్కి వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ తరువాత నూరేళ్ళకు పైగా దాని జాడ శాస్త్రజ్ఞులకు దొరకలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. గాజులపల్లి, చలమ, దిగువమెట్ట. ఈ పేర్లు వింటే ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మందికి వానాకాలపు పెట్రోలింగు గుర్తుకొస్తుంది. నేను ఆ సెక్షనులో మూడేళ్ళు పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. తరువాత ఆ హోదాకు సెక్షన్ ఇంజనీరని పేరు మార్చారు, పని మారలేదు. ఆ మూడేళ్ళలో ఒక్క నీలి సాలెపురుగునూ చూడలేదు. అది పగలంతా పెద్ద చెట్ల తొర్రల్లో దాక్కుని రాత్రి మాత్రమే బయటికి వస్తుంది. నేను దాన్ని మొదటిసారి చూసింది 2023లో టెక్సాసులో, మా పెద్దబ్బాయి ఇంట్లో, మనవడి గదిలో.

మనవడికి అప్పుడు పదిహేడేళ్ళు. రెండేళ్ళ కిందట గోరంత పిల్లగా కొన్నాడట. అక్కడే పుట్టి పెరిగిన జీవి, అడవిలో పట్టినది కాదు. విడిచిన కుబుసాన్ని భూతద్దంతో పరీక్షించి అది ఆడదని తేల్చాడు. ఆడది పన్నెండేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి బతుకుతుంది. మగది మూడు నాలుగేళ్ళకే పోతుంది. కాళ్ళు చాపితే పూర్తిగా పెరిగినది ఆరు నుంచి ఎనిమిది అంగుళాలుంటుంది. మా ఇంటావిడ జీవితమంతా బూజుకర్రతో సాలెపురుగులను తరిమిన మనిషి. డబ్బులిచ్చి కొనుక్కొచ్చాడని విని నోట మాట రాలేదు. “శ్రీకాళహస్తిలో స్వామికి గూడు కట్టింది సాలెపురుగే కదా” అని నేను సర్దిచెప్పబోతే, “అది గుళ్ళో కట్టింది, మనవడి మంచం పక్కన కాదు” అంది.

అసలు చిక్కు అది కాదు. ఆగస్టులో వాడు కాలేజీకి వెళ్ళిపోవాలి. మూడు గంటల ప్రయాణం, నెలకొకసారి ఇంటికి రాగలడు. హాస్టల్లో ఇలాంటివి పెట్టుకోనివ్వరు. మా కోడలు మంచి పిల్ల, కాని ఖచ్చితమైన మనిషి. “నేను ఆ డబ్బా తలుపు తీయను. తీయవలసిన అవసరం ఉంటే ఆగస్టులోపల దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్” అని చెప్పేసింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఈ జాతి సాలెపురుగు మెరుపులా పరుగెత్తుతుంది, విషమూ తేలికైనది కాదు. మనిషి చనిపోయినట్లు దాఖలా లేదుగాని, కరిస్తే తీవ్రమైన నొప్పి, చెమటలు, కొన్ని రోజుల వరకు కండరాలు పట్టేయడం ఉంటాయి. అప్పటివరకు దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో కొబ్బరిపొట్టు పోసి ఉంచాడు. అందులో తిని పారేసిన పురుగుల పెంకులు పడితే బూజు పడుతుంది. వారం వారం మూత తీసి పటకారుతో ఎత్తిపోయాలి. మూత తీసిన ప్రతిసారీ ప్రమాదమే.

కనుక తాతా మనవళ్ళం ఆలోచించి, తనను తాను శుభ్రం చేసుకునే గాజుపెట్టె కట్టాలని నిశ్చయించుకున్నాం. ఆ దేశాల్లో ఈ పద్ధతికి మంచి ప్రచారం ఉంది. మూలం మాత్రం పాతదే. 1829లో లండనులో వార్డ్ అనే డాక్టరు, రెక్కల పురుగు గూడునొకదాన్ని తడిమట్టితో సీసాలో పెట్టి మూత బిగించాడు. పురుగు సంగతి అటుంచి, మట్టిలోంచి ఒక ఫెర్ను, ఒక గడ్డిపరక మొలిచాయి. బయటి నుంచి నీరు పోయకుండానే అవి బతికాయి. మట్టిలోని తేమ ఆవిరై, గాజుకు పట్టి, తిరిగి మట్టిలోకే దిగింది. ఆ సూత్రంతో చేసిన గాజుపెట్టెల్లోనే తరువాత చైనా తేయాకు మొక్కలు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి.

పెట్టె పన్నెండు అంగుళాల చదరం, పద్దెనిమిది అంగుళాల ఎత్తు. చెట్టెక్కే జీవి కాబట్టి వెడల్పుకన్నా ఎత్తు ముఖ్యం. అడుగున ఒకటిన్నర అంగుళం కాల్చిన మట్టి గోళీలు పోశాం. వాడు ఎందుకో చెప్పబోతుంటే నేనే ఆపాను. “ఒరే నాన్నా, ముప్ఫై ఏళ్ళు బల్లాస్టు కింద నీళ్ళు నిలబడకుండా చూసినవాణ్ణి, నాకు చెబుతావా?” అన్నాను. పోసిన నీరు కిందికి దిగడానికి చోటు లేకపోతే మట్టి కుళ్ళుతుంది, కట్ట మీద బురద పొంగినట్టే. గోళీల మీద సన్నని వల పరిచాం, పై మట్టి కిందికి జారకుండా. దాని మీద నాలుగు అంగుళాల మట్టి: కొబ్బరిపొట్టు, ఎరువు గాని మందు గాని తగలని తోట మట్టి, కొంచెం ఇసుక, నలగగొట్టిన కట్టెబొగ్గు. ఎరువు కలిపిన సంచి మట్టి పనికిరాదు, అందులోని రసాయనాలు చిన్న పురుగులను చంపుతాయి. ఆ పైన అంగుళం మందాన ఎండుటాకులు. వాళ్ళ పెరట్లో ఓక్ చెట్టుంది, దానివే ఏరి, ఉడకబెట్టి, ఎండబెట్టాం. మా ఇంటావిడ ఆకుకూర అనుకుని ఉప్పు వేయబోయింది.

నిలువుగా ఒక బోలు బెరడు గొట్టం నిలబెట్టాం. అదే దానికి చెట్టు తొర్ర. దాన్ని సరిగా బిగించాలి, ఒరిగిపడితే లోపలి జీవి నలిగిపోతుంది. ఒక మూల మనీప్లాంటు కొమ్మ, ఇంకో మూల చిన్న ఫెర్ను. మొక్కలు అందం కోసమే అనుకునేరు. మలంలోని నత్రజనిని వేళ్ళు పీల్చుకుంటాయి. పైన ఒక చిన్న దీపం, రోజుకు పన్నెండు గంటలు, టైమరు మీద. వెలుతురు మొక్కలకే, సాలెపురుగుకు వెలుగు గిట్టదు. గాలి మాత్రం రెండు వైపుల నుంచి ఆడాలి. వార్డ్ డాక్టరు సీసాలాగా మూత బిగిస్తే మొక్క బతుకుతుందిగాని, ఈ జాతి సాలెపురుగు ఉక్కపోతకు ఓర్చుకోదు.

ఇక గ్యాంగు వాళ్ళ సంగతి. ట్రాకు ఎంత బాగా వేసినా గ్యాంగు లేకపోతే ఎన్నాళ్ళుంటుంది? ఇక్కడ గ్యాంగు రెండు రకాల జీవులు. ఒకటి స్ప్రింగ్‌టెయిల్స్. ఒకటి రెండు మిల్లీమీటర్లుంటాయి, తోక కింద స్ప్రింగు లాంటి అవయవంతో ఎగిరి దూకుతాయి, బూజు తింటాయి. బొగ్గు ముక్కల మీద పెంచి డబ్బాల్లో అమ్ముతారు. నీళ్ళు పోసి వంపితే తెల్లని నలుసుల్లా తేలి వస్తాయి. రెండోది వుడ్‌లైస్. మన పెరట్లో తడి రాయి ఎత్తితే బూడిద రంగులో పాకుతూ కనబడే జీవుల కులమే. పురుగులనుకుంటాంగాని ఇవి రొయ్యలకు బంధువులు, మొప్పల్లాంటి వాటితోనే ఊపిరి తీస్తాయి, అందుకే తడి కావాలి. ఆకులు, మలం, చచ్చిన పురుగుల పెంకులు తిని మట్టి చేస్తాయి. వీటిలో పెద్ద రకాలు మాంసకృత్తుల కోసం ఆవురావురుమంటాయి, కుబుసం విడిచి మెత్తగా పడి ఉన్న సాలెపురుగు జోలికి పోవచ్చు. అందుకని తెల్లగా మూడు నాలుగు మిల్లీమీటర్లుండే పొట్టి రకం తెచ్చాం. వాటిలో మగవాటి అవసరమే లేదు, ఆడవే పిల్లలు పెడతాయి. ఈ మాట విని మా ఇంటావిడ తృప్తిగా తలాడించింది.

ఇక్కడ తొందరపడకూడదు. పెట్టె కట్టిన రోజే సాలెపురుగును దించరు. మొదటి రెండు వారాల్లో బెరడు మీద తెల్ల బూజు దూది పరచినట్టు పెరిగింది. కోడలు పారేయమంది. ఆగమన్నాం. మూడో వారానికి స్ప్రింగ్‌టెయిల్స్ పెరిగి దాన్ని తిని శుభ్రం చేశాయి. ఆరో వారానికి మనీప్లాంటు కొత్త ఆకు వేసింది. జూలై చివర, వాడు పొడుగు పటకారు, ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని సాలెపురుగును దించాడు. నేను గది తలుపు దగ్గర నిలబడ్డాను. మూడు రాత్రులు అది కనబడలేదు. నాలుగో రాత్రి బెరడు గొట్టం నోటి దగ్గర గూడు అల్లింది, ఎండుటాకుల ముక్కలు కూడా అందులో కలిపి.

కోడలి షరతు కోసం పైకప్పులో రెండు చిన్న రంధ్రాలు పెట్టి బిరడాలు బిగించాం. ఒకదాంట్లోంచి సన్నని గొట్టంతో లోపలి గిన్నెలోకి నీళ్ళు. రెండోది కొంచెం పెద్దది, మనవడు వచ్చినప్పుడు చిమ్మెటలు వదలడానికి. పెరిగిన సాలెపురుగు నెలకొకసారి తిన్నా ఇబ్బంది పడదు. నీళ్ళు మాత్రం తప్పకూడదు. గిన్నె నింపడం కోడలి వంతు, తలుపు తీసే పని లేదు. “తనంతట తాను నడిచే పెట్టె” అని అమ్మేవాళ్ళు రాస్తారుగాని, ఆ మాటను పూర్తిగా నమ్మకండి. నీరు మనిషే పోయాలి, తిండి మనిషే వేయాలి, గాజు మీద పడిన తెల్లటి రెట్ట ఏ గ్యాంగూ తుడవదు. ఏడాదికొకసారి ఎండుటాకులు మళ్ళీ వేయాలి. తగ్గేది వారం వారం మూత తీసే పని. ఆ ఇంట్లో కావలసింది అదే.

ఇక ఈ ప్రసంగానికి ఒప్పుకున్న అసలు కారణం చెబుతాను. తిరిగి వచ్చాక ఈ సంగతి నలుగురికీ చెప్పాను. మన మిత్రులొకరు నన్ను పక్కకు పిలిచి, “అన్నా, దిగువమెట్ట దగ్గర మావాళ్ళున్నారు. పట్టి పంపితే ఎంతిస్తారు?” అని అడిగారు. వారు హాస్యానికి అడగలేదు. ఇంట్లో ఖర్చులున్నాయి, అర్థం చేసుకోగలను. వారికి చెప్పిన జవాబే అందరికీ చెబుతున్నాను. 2008 నాటికి ఈ జీవి ప్రపంచం మొత్తం మీద దొరికినట్లు తెలిసింది ఆ నల్లమల పక్క అడవిముక్కలోనే, అదీ నూరు చదరపు కిలోమీటర్లకు లోపు. 2008లో దీన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో చేర్చారు. తొర్రలుండే పాత చెట్లను కట్టెల కోసం, కలప కోసం కొట్టేయడం మొదటి కారణం, పట్టి అమ్ముకోవడం రెండో కారణం. 2019లో ఈ జాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలో చేర్చారు. ఆ ఒప్పందంలోని ప్రాణుల కోసం మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించి ప్రత్యేకంగా ఒక షెడ్యూలు పెట్టారు. రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా ఏ ప్రాణిని తెచ్చినా నేరమే. మన వయసులో కోర్టు వాయిదాలు తిరగలేం.

చట్టం మాట అటుంచండి. ఆడది గుడ్లు పెట్టే వయసుకు రావడానికి రెండేళ్ళకు పైగా పడుతుంది. తొర్రలోంచి పెద్ద ఆడదాన్ని లాగితే ఆ చెట్టు మీద తరువాతి తరం ఉండదు. విదేశాల్లో గాజుపెట్టెల్లో పుట్టినవి కావలసినన్ని ఉన్నాయి. మనవడు కొన్నదీ అలాంటిదే. వాడు నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది: “తాతా, ఇక్కడ ఇన్ని ఇళ్ళల్లో ఉంటే, మీ ఊరి దగ్గర ఎన్ని ఉన్నాయి?” నేను ఆ సెక్షనులో మూడేళ్ళు పనిచేశానని వాడికి తెలుసు. దిగువమెట్ట దాటాక ఏ కిలోమీటరు రాయి దగ్గర పెద్ద చెట్లుండేవో చెప్పగలిగాను. ఇప్పుడవి ఉన్నాయో లేదో చూసి రావాలి. సంక్రాంతి తరువాత ప్యాసింజరులో వెళ్దామనుకుంటున్నాను. అటవీశాఖవారి అనుమతి ఉన్నంత మేరకే, పగటిపూటే. ఎవరైనా వస్తానంటే భోజనాల దగ్గర పేరు ఇవ్వండి.

సాలెపురుగు లేకుండా ఈ పెట్టెను ఎవరైనా కట్టుకోవచ్చు. పెద్ద హార్లిక్స్ సీసా చాలు. అడుగున గులకరాళ్ళు, వల గుడ్డ, మట్టి, బొగ్గు, ఎండుటాకులు, ఒక ఫెర్ను. ఎండ తగలని కిటికీ దగ్గర పెట్టండి. గాజంతా నీటి బొట్లు పడితే ఒక పూట మూత తీయండి, అసలు పడకపోతే రెండు చెంచాల నీళ్ళు పోయండి. మనవలు సెలవులకు వచ్చినప్పుడు భూతద్దం చేతికిస్తే గంటసేపు మనల్ని సెల్‌ఫోను అడగరు.

మనవడి పెట్టె సంగతి అడిగినవారికి: కాలేజీకి వెళ్ళాక అది రెండుసార్లు కుబుసం విడిచింది. మొన్న వీడియోలో కోడలే చూపించింది, తలుపు తీయకుండా, టార్చి వేసి.

నేను చేసిన సీసా ఒకటి ఆ వెనక బల్ల మీద ఉంది. అందరూ చూడవచ్చు, దయచేసి మూత మాత్రం తీయవద్దని మనవి.