చిన్న నిల్వ పెట్టెలో సొంత లినక్స్: ఉద్దానం తీరానికి ఒక అవసరం

ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు, టీవీ అన్నీ ఉమ్మడిగా వాడుకునేందుకు ఒక హార్డ్‌డిస్కును రౌటర్‌కు కలిపి నిరంతరం నడిపే చిన్న పెట్టెను నెట్‌వర్క్ నిల్వ పరికరం అంటారు. వాడుకలో దాని పేరు నాస్. పైకి అది హార్డ్‌డిస్కుకు తొడిగిన ప్లాస్టిక్ డబ్బాలా కనిపించినా, లోపల ప్రాసెసరు, ర్యామ్, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీ, నెట్‌వర్క్ చిప్పు ఉంటాయి కాబట్టి అది అన్ని విధాలా పూర్తి కంప్యూటరే. కొన్న రోజున అందులో ఉండే సాఫ్ట్‌వేరును ఫర్మ్‌వేర్ అంటారు, అది కూడా చాలా పెట్టెల్లో లినక్స్ కెర్నల్ అనే మూల భాగం మీదే కట్టినది. అందువల్ల ఇలాంటి పెట్టెలో లినక్స్ వేయడమంటే లేనిదాన్ని తెచ్చిపెట్టడం కాదు, తయారీదారు చేతిలో ఉన్న లినక్స్‌ను తీసి యజమాని చేతిలో ఉండే లినక్స్‌ను పెట్టడం. ఆ మార్పు సాధ్యమో కాదో తేల్చేది బూట్‌లోడర్, అంటే కరెంటు రాగానే మేల్కొని, కెర్నల్‌ను వెతికి, ర్యామ్‌లోకి ఎక్కించి నడిపించే చిన్న ప్రోగ్రాం.

ఈ విషయాన్ని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల వారి ముందు చర్చించడానికి బలమైన కారణం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, విద్యుత్ స్తంభాలు వరసలు వరసలుగా పడిపోయాయి, కరెంటుతో పాటు ఫోన్ సిగ్నల్ కూడా లేక ఊళ్లకు ఊళ్లే బయటి లోకానికి దూరమయ్యాయి. అలాంటి రోజుల్లో దూరదేశపు సర్వర్లలో దాచిన కాగితం, అది ఎంత భద్రంగా ఉన్నా, ఇక్కడి మనిషి చేతికి అందదు. నష్టపరిహారానికి చూపవలసిన పట్టాదారు పాస్‌పుస్తకం నకలు, 80 కిలోల బస్తా లెక్కన సాగే జీడిపిక్కల కొనుగోళ్ల చిట్టా, కూలికో వెల్డింగ్ పనికో దూరదేశాలకు వెళ్లినవారి పాస్‌పోర్టు ప్రతులు, ఇవన్నీ ఇంట్లోనే ఒకచోట ఉంటే బ్యాటరీ మీద నడిచే చిన్న పెట్టె వాటిని ఫోనుకు అందించగలదు. కిడ్నీ వ్యాధి పీడిస్తున్న ఉద్దానంలో మరో అవసరం ఇంతకంటే పెద్దది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయితే రక్తంలో క్రియాటినిన్ ఏ ఏడాది ఎంత ఉందో, ఎప్పటి నుంచి పెరిగిందో వరసగా చూపించే రిపోర్టులు రోగి ఇంట్లో భద్రంగా ఉంటేనే వైద్యుడికి ఆ వ్యాధి నడక తెలుస్తుంది. అవి ఎంతో గోప్యమైనవి కూడా కాబట్టి వాటిని దాచిన పెట్టెను ఎవరు నడుపుతున్నారన్నది చిన్న ప్రశ్న కాదు.

తయారీదారు ఫర్మ్‌వేర్‌ను ఎల్లకాలం నమ్ముకోవడంలోని ప్రమాదాన్ని 2021 జూన్ స్పష్టంగా చూపించింది. వెస్టర్న్ డిజిటల్ సంస్థ మై బుక్ లైవ్ అనే పేరుతో అమ్మిన నాస్ పెట్టెలకు 2015 తరువాత ఫర్మ్‌వేర్ సవరణలు ఆగిపోగా, అందులో మిగిలిపోయిన లోపాలను వాడుకుని దుండగులు ఇంటర్నెట్ గుండా చొరబడి, ప్రపంచవ్యాప్తంగా ఎందరో యజమానుల హార్డ్‌డిస్కులను ఒక్కసారిగా ఖాళీ చేశారు. పెట్టె చెడిపోలేదు, డిస్కు అరగలేదు. దాన్ని కాపాడే సాఫ్ట్‌వేరు మాత్రం ఆరేళ్లుగా దిక్కు లేకుండా ఉండిపోయింది. అదే పెట్టెలో మరో ఇబ్బంది కూడా ఉంది. అది తన ఫైల్ సిస్టమ్‌ను, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతిని, 64 కిలోబైట్ల ముక్కలుగా రాసుకునేది. సాధారణ కంప్యూటర్లలోని లినక్స్ 4 కిలోబైట్ల ముక్కలకు అలవాటుపడినది కావడంతో, బోర్డు కాలిపోయిన పెట్టె నుంచి డిస్కు తీసి కంప్యూటరుకు తగిలించినా చాలాకాలం అది నేరుగా తెరుచుకునేది కాదు. సొంత డేటాను సొంత డిస్కు నుంచి చదువుకోవడానికి ప్రత్యేక పనిముట్లు వెతుక్కోవలసిన స్థితి ఏ ఇంటికీ రాకూడదు.

బూట్‌లోడర్ పనిని అర్థం చేసుకోవడానికి మార్వెల్ సంస్థ కిర్క్‌వుడ్ చిప్పుతో వచ్చిన పెట్టెలు అనువైన ఉదాహరణ, ఎందుకంటే 2009 తరువాత కొన్నేళ్లపాటు చౌకగా దొరికిన నాస్‌లలో అనేకం ఆ చిప్పు మీదే నడిచాయి. కరెంటు అందగానే ముందుగా పనిచేసేది చిప్పు లోపలే శాశ్వతంగా ముద్రించిన బూట్ రోమ్ అనే చిన్న ప్రోగ్రాం. దాన్ని ఎవరూ చెరపలేరు, మార్చలేరు. అది ఫ్లాష్ మెమరీ మొదటి భాగాన్ని చదివి, ర్యామ్‌ను ఎలా సిద్ధం చేయాలో అక్కడ రాసి ఉన్న సూచనలను పాటించి, అక్కడే ఉన్న అసలు బూట్‌లోడర్‌ను ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. ఆ అసలు బూట్‌లోడర్ చాలా పెట్టెల్లో యూ-బూట్, అంటే జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ డెంక్ ప్రారంభించగా ప్రపంచమంతటి ప్రోగ్రామర్లు పెంచిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. యూ-బూట్ కొన్ని సెకన్లు ఆగి, యజమాని ఏదైనా మీట నొక్కుతాడేమో చూసి, నొక్కకపోతే ఎన్విరాన్‌మెంట్ అనే చోట రాసి ఉంచిన ఆదేశాల ప్రకారం కెర్నల్‌ను తెచ్చి నడిపిస్తుంది. ఏ కెర్నల్, ఎక్కడి నుంచి, ఏ డిస్కును మూలంగా పెట్టుకుని అన్నవన్నీ ఆ కొద్ది పంక్తుల్లోనే ఉంటాయి. వాటిని మార్చగలిగినవాడే పెట్టెకు నిజమైన యజమాని.

ఫ్యాక్టరీలో వేసిన యూ-బూట్ పాతబడినదైతే దానికి అనేక పరిమితులుంటాయి. పెట్టెలో ఏయే భాగాలు ఏయే చిరునామాల్లో ఉన్నాయో కెర్నల్‌కు తెలిపే డివైస్ ట్రీ అనే పట్టిక దానికి తెలియకపోవచ్చు; రెండు టెరాబైట్లకు మించిన డిస్కుల విభజన పద్ధతి గానీ, ఎక్స్‌ట్-4 ఫైల్ సిస్టమ్ గానీ అర్థం కాకపోవచ్చు. డివైస్ ట్రీ సమస్యకు ఆ పట్టికను కెర్నల్ చివర అతికించే ఉపాయం ఉంది, బూట్ కోసం చిన్న ఎక్స్‌ట్-2 విభాగాన్ని కేటాయించి ఫైల్ సిస్టమ్ సమస్యనూ దాటవచ్చు. కాబట్టి బూట్‌లోడర్‌ను ముట్టకుండా ఎన్విరాన్‌మెంట్ ఆదేశాలను మాత్రమే మార్చి లినక్స్ నడపగలిగిన చోట అదే ఉత్తమ మార్గం. బూట్‌లోడర్‌ను మార్చడం సాహసం కోసం చేయవలసిన పని కాదు, వేరే దారి లేనప్పుడు చేయవలసిన పని.

ఈ విద్య మొదట వికసించింది 2004లో లింక్‌సిస్ సంస్థ విడుదల చేసిన ఎన్‌ఎస్‌ఎల్‌యూ-2 అనే అరచేతిలో ఇమిడే పెట్టె మీద. దానిలో ఉన్నది 32 మెగాబైట్ల ర్యామ్, 8 మెగాబైట్ల ఫ్లాష్ మాత్రమే అయినా, దాని ఫర్మ్‌వేర్‌లో జనరల్ పబ్లిక్ లైసెన్స్ కింద వచ్చిన లినక్స్ ఉండడం వల్ల మూలకోడ్ అందరికీ అందింది, దాంతో ఔత్సాహికులు అన్‌స్లంగ్, ఓపెన్‌స్లగ్ వంటి ప్రత్యామ్నాయాలను నిర్మించారు. 2007లో వచ్చిన డెబియన్ 4.0 ఆ పెట్టెలో పూర్తిస్థాయి లినక్స్‌గా నడిచింది. అక్కడ పాటించిన క్రమశిక్షణ నేటికీ ఆదర్శం: రెడ్‌బూట్ అనే మూల బూట్‌లోడర్‌ను తాకకుండా, అది ముగిసిన తరువాత నడిచే ఏపెక్స్ అనే రెండో బూట్‌లోడర్‌ను ప్రవేశపెట్టి కొత్త సౌకర్యాలన్నీ అందులో సాధించారు. కెర్నల్ పాడైనా రెడ్‌బూట్ బతికి ఉంటే నెట్‌వర్క్ కేబుల్ ద్వారా పెట్టెను తిరిగి నిలబెట్టవచ్చు. రెడ్‌బూట్ పోతే మాత్రం బోర్డు మీద చిప్పును నేరుగా నియంత్రించే జేటాగ్ పిన్నులు వెతికి శస్త్రచికిత్స వంటి పని చేయవలసి వచ్చేది.

ఈ కథలో తెలుగువారి పాత్ర గర్వించదగినది. కొలంబియా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ 2010లో న్యూయార్కులో చేసిన ప్రసంగంలో, ప్రతి ఇంటికీ సొంత సర్వరు ఉండాలని, అది గోడకు తగిలించే చిన్న పెట్టెలో ఇమడాలని ప్రతిపాదించగా ఫ్రీడమ్‌బాక్స్ ప్రాజెక్టు పుట్టింది. దానికి తొలి హార్డ్‌వేరుగా ఎంచుకున్న డ్రీమ్‌ప్లగ్ కూడా కిర్క్‌వుడ్ చిప్పుదే, యూ-బూట్‌తో నడిచేదే. డెబియన్‌లోనే ఒక భాగంగా పెరిగిన ఆ ప్రాజెక్టును సునీల్ మోహన్ అడపా, జోసెఫ్ నూతలపాటి వంటి ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి ముందుకు నడిపించారు. దాని తెరలకు తెలుగు అనువాదం కూడా ఉంది. భారతదేశపు గ్రామాల్లో సామూహిక వైఫై కోసం దాన్ని వాడుతున్నట్లు ఫ్రీడమ్‌బాక్స్ ఫౌండేషన్ ప్రకటించింది. హైదరాబాదు కేంద్రంగా తెలుగు లినక్స్ కోసం కృషి చేసిన స్వేచ్ఛ సంస్థ ఈ ఆలోచనకు ఇక్కడ నేలను సిద్ధం చేసింది. కనుక ఉద్దానం ఇంట్లో నాస్ పెట్టె మీద డెబియన్ నడపాలనుకునే యువకుడికి మార్గదర్శకుల కోసం సముద్రాలు దాటవలసిన పని లేదు.

ఇక పని చేసే తీరు. పెట్టె మూత తీసి బోర్డు మీద సీరియల్ పోర్టును, అంటే బూట్‌లోడర్ మాటలను అక్షరాలుగా బయటికి పంపే నాలుగైదు పిన్నుల వరసను గుర్తించాలి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చౌకైన అడాప్టరుతో గ్రౌండు, పంపే తీగ, అందుకునే తీగ అనే మూడింటినే కలపాలి, నాలుగోదైన విద్యుత్ పిన్నును వదిలేయాలి. అడాప్టరు 3.3 వోల్టులదే అయి ఉండాలి. పాత కంప్యూటర్ల వెనక ఉండే సీరియల్ పోర్టు వోల్టేజీ ఎక్కువ కాబట్టి దాన్ని నేరుగా కలిపితే చిప్పు కాలిపోతుంది. తెర మీద అక్షరాలు కనిపించగానే ఏ మార్పూ చేయకముందే ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని కాగితం మీదికో ఫైలులోకో ఎక్కించుకోవాలి, ముఖ్యంగా పెట్టె నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య అయిన మాక్ అడ్రసును, ఎందుకంటే కొత్త బూట్‌లోడర్ వేసినప్పుడు అది చెరిగిపోవడం సర్వసాధారణం. ఫ్లాష్‌లోని ప్రతి భాగానికీ నకలు తీసి వేరే కంప్యూటరులో ఉంచాలి.

చాలా కిర్క్‌వుడ్ పెట్టెల్లో ఇక్కడే గొప్ప వెసులుబాటు ఒకటి ఉంది. వాటి చిప్పులో ముద్రించిన బూట్ రోమ్ సీరియల్ తీగ గుండా వచ్చే బూట్‌లోడర్‌ను కూడా స్వీకరించగలదు. కేడబ్ల్యూబూట్ అనే పనిముట్టు సరైన సంకేతాన్ని పంపి, కొత్త యూ-బూట్‌ను నేరుగా ర్యామ్‌లోకి ఎక్కించి నడిపిస్తుంది. ఫ్లాష్‌లో ఒక్క అక్షరం రాయకుండానే కొత్త బూట్‌లోడర్ డిస్కును గుర్తిస్తోందా, నెట్‌వర్కు పనిచేస్తోందా, డెబియన్ కెర్నల్ నిలబడుతోందా అన్నవన్నీ పరీక్షించుకుని, అంతా సవ్యంగా ఉన్నప్పుడే ఫ్లాష్‌లోకి రాయవచ్చు. రాసింది చెడినా ఇదే దారిలో పెట్టెను బతికించవచ్చు. ఈ పరీక్ష చేయకుండా తొందరపడి ఫ్లాష్‌ను తిరగరాసే వీడియో పాఠాలను ఎవరూ అనుసరించకూడదు. రాసేటప్పుడు ఫ్లాష్‌లో చెడిన బ్లాకులు ఎక్కడున్నాయో చూడాలి, ఎన్విరాన్‌మెంట్ చిరునామా సరిచూడాలి, ఎందుకంటే ఆ చిరునామా తప్పితే ఎన్విరాన్‌మెంట్ వెళ్లి బూట్‌లోడర్ మీదే కూర్చుంటుంది. వోల్టేజీ ఊగిసలాడే మన ఊళ్లలో ఆ కొద్ది సెకన్లూ పెట్టె ఇన్వర్టరు మీద ఉండడం తప్పనిసరి.

తీరప్రాంతపు ఇంట్లో ఆ తరువాతి జీవితం కూడా ఆలోచించదగినదే. ఇలాంటి పెట్టెలు ఎక్కువగా 12 వోల్టుల అడాప్టరుతో నడుస్తాయి, బల్ల మీది కంప్యూటరు తినే కరెంటులో చిన్న భాగమే తింటాయి. సోలార్ ప్యానెల్‌తో చార్జి అయ్యే బ్యాటరీ చాలాసేపు నడపగలదు, అయితే చార్జి అవుతున్న బ్యాటరీ 14 వోల్టులు దాటుతుంది కాబట్టి మధ్యలో వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ అవసరం. గడియారపు బ్యాటరీ చచ్చిపోయిన పెట్టె కరెంటు వచ్చినప్పుడు 1970 నాటి తేదీతో మేల్కొంటుంది, భద్రతా ధ్రువపత్రాలన్నీ చెల్లవని భ్రమపడుతుంది. ఆగేముందు చివరి సమయాన్ని ఫైలులో రాసి ఉంచే చిన్న ప్యాకేజీ డెబియన్‌లో ఉంది. సముద్రపు ఉప్పుగాలి రాగి అతుకులను తినేస్తుంది కాబట్టి సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు వంటి చోట్ల పెట్టెను కిటికీకి దూరంగా ఉంచడం, సీరియల్ పిన్నులను తెరిచి వదలకపోవడం మేలు.

కిర్క్‌వుడ్ పెట్టెలకు కాలం దగ్గర పడుతోందన్న మాట కూడా దాచకూడదు. వాటి ప్రాసెసర్లకు సరిపడే ఆర్మెల్ అనే డెబియన్ శాఖకు 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 చివరి విడుదల, అందులో ఆ పెట్టెలకు ఇన్‌స్టాలర్ గానీ కెర్నల్ గానీ ఇవ్వలేదు. ఇప్పటికే చేతిలో ఉన్నవాటిని ఇంటర్నెట్‌కు తెరవకుండా ఇంటి నెట్‌వర్కు లోపలే నడుపుకోవచ్చు, విద్యార్థులకు బూట్‌లోడర్ నేర్పడానికి అంతకంటే మంచి సాధనం లేదు. కొత్తగా కొనేవారు మాత్రం 64 బిట్ల చిప్పు, ప్రధాన లినక్స్ కెర్నల్‌లో మద్దతు, తాళం వేయని బూట్‌లోడర్ ఉన్నాయో లేదో కొనే ముందే విచారించాలి. టెక్కలిలోని ఆదిత్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్ వంటి కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు సోల్డరింగ్ వచ్చు, కంప్యూటర్ విద్యార్థులకు లినక్స్ వచ్చు. ఈ రెండు తరగతులూ ఒకే పెట్టె ముందు కూర్చుంటే ఈ ప్రాంతానికి కావలసిన నైపుణ్యం ఈ ప్రాంతంలోనే తయారవుతుంది, వారి అనుభవాన్ని తెలుగులో రాసిపెడితే తరువాతి బ్యాచ్‌కు పాఠ్యపుస్తకమే అవుతుంది.

ఒకే ఇంట్లో రెండు నకళ్లు ఉన్నా తిత్లీ వంటి తుపాను రెండింటినీ కలిపి ముంచగలదు కాబట్టి, ఉద్దానం ఇంటి పెట్టెకు తోడుగా విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువుల ఇంట్లో అలాంటిదే మరో పెట్టె ఉండాలి. రెండింటిలోనూ లినక్సే ఉంటుంది కనుక ఆర్‌సింక్ అనే పనిముట్టు రాత్రివేళ ఆనాడు మారిన ఫైళ్లను మాత్రమే పంపుతుంది. పంపే ముందే వాటిని గుప్తలిపిలోకి మారిస్తే బంధువులకు కూడా లోపలి కాగితాలు కనిపించవు, ఆ తాళపు పదాన్ని మాత్రం కాగితం మీద రాసి పాస్‌పుస్తకం దాచిన చోటే దాచాలి. వందల గిగాబైట్లుండే మొదటి నకలును ఇంటర్నెట్ గుండా పంపే ప్రయత్నం చేయకుండా, ఇక్కడే డిస్కులోకి ఎక్కించి పలాస స్టేషనులో విశాఖ రైలెక్కే మనిషి చేతికి ఇవ్వడమే మంచిది.